వ్యాను వెనక నామాలు

గిరికి వ్యాను తోలడం రాదని కాదు. ముందుకు బాగానే తోలేవాడు. వెనక్కి తోలాల్సి వచ్చినప్పుడే అతని విద్య కాస్తా అయిపోయేది. అందుకే అన్న శ్రీనివాసులు, "నేను పక్కన లేనప్పుడు బండి బయటికి తియ్యాకురా" అని ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాడు. చిత్తూరు బెల్లం మండీలో శ్రీనివాసులు మాట అంటే రైతులు తూకం కూడా చూసుకోకుండా వెళ్ళిపోతారు. ఇంట్లో ఉన్న ముప్పై అయిదేళ్ళ తమ్ముడికే ఆ మాట చెవికెక్కలేదు.

తొంభై ఏడు వేసవిలో అన్న బెల్లం లోడు వెంట మద్రాసు వెళ్ళాడు. ఆ రోజే గిరి భార్య అమలను తెల్ల వ్యానులో ఎక్కించుకుని, పూతలపట్టులో ఆమె చిన్నమ్మ ఇంటికి దర్జాగా బయలుదేరాడు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు వ్యాను వెనక్కి తిప్పబోయి, కంచెకు పాతిన రాతి కూసాన్ని గుద్దేశాడు. మనుషులకేమీ కాలేదు. వెనక తలుపుకు మాత్రం జానెడు సొట్ట పడి, రంగు పెచ్చులూడింది.

"అన్న వచ్చినాక చెప్పేస్తే సరిపోతాది గదా. కొట్టేదేమన్నా ఉండాదా?" అంది అమల.

"కొడితే బాగుండు. ఏమీ అనడు, అదే నాకు భయం" అన్నాడు గిరి.

టింకరింగు షాపుకు పోదామంటే చిత్తూరులో అన్నను ఎరగని షాపువాడు లేడు. సాయంత్రానికల్లా కబురు మండీకి చేరిపోతుంది. కాబట్టి గిరి తానే మెకానిక్కు అవతారం ఎత్తాడు. అమల వాడే పప్పుగుత్తికి పాతగుడ్డ చుట్టి, తలుపు లోపలి అట్ట ఊడదీసి, సొట్టను బయటికి తోశాడు. అది కాస్తా బొడిపెలా పైకి లేచింది. బయటినుంచి మెల్లగా కొడితే మళ్ళీ సొట్ట పడింది. పప్పుగుత్తి విరిగిందిగానీ రేకు సాపు కాలేదు. చివరికి కిటికీలకు పెట్టే పుట్టీ తెచ్చి మెత్తి, గరుకు ఉప్పు కాగితంతో రుద్ది, ఇంట్లో మిగిలిన తెల్ల ఎనామిల్ పూశాడు. ఆరేదాకా బాగానే ఉంది. ఆరాక చూస్తే వ్యాను తెలుపు వేరు, కిటికీ తెలుపు వేరు. ఆ మచ్చ వీధి చివరికి కనబడుతోంది.

అన్న రావడానికి ఒక్క రోజే ఉంది. గిరి సొట్టను దారంతో కొలిచి, ఆ దారం జేబులో వేసుకుని తిరుపతి బస్సెక్కాడు. బస్టాండు ఎదురుగా రేడియం స్టిక్కర్లు కత్తిరించే అతని ముందు దారం చాచి పట్టుకున్నాడు.

"నామాలు కావాల. ఈ పొడుగుకు తగ్గకూడదు."

ఆ మనిషి నవ్వాడు. "దేవునికి దారంతో కొలత తెచ్చిన వాణ్ణి నిన్నే సూస్తా ఉండా స్వామీ!"

గిరి కూడా నవ్వాడు. కొండ ఎదురుగా కనబడుతున్నా ఆ రోజు అటువైపు తలెత్తి చూడలేదు.

మర్నాడు అన్న వచ్చాడు. వెనక తలుపు మీద శంకుచక్రాలతో మెరిసే నామాలు చూసి, నడిచేవాడు నడిచినట్టే ఆగిపోయాడు. చెప్పులు విడిచి, నామాలను తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"నాకు తోసని పని నువ్వు సేసినావు గిరీ. నీకు బండి మీద ఇంత భక్తి ఉండాదని నాకు తెలీకపోయె" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. గిరి నామాల అంచును బొటనవేలితో ఇంకోసారి అదిమి పెట్టాడు.

అప్పటినుంచి అన్న రోజూ పొద్దున్నే వ్యాను వెనక్కి వచ్చి, నామాలకు మొక్కి, తర్వాతే తాళం తిప్పేవాడు. వదిన చంద్రకాంతమ్మ శుక్రవారం శుక్రవారం అక్కడ కనకాంబరాలు పెట్టేది. స్టిక్కరు ఎవరైనా గట్టిగా తుడిస్తే లేచి వస్తుందేమోనని గిరి వ్యాను కడగడం తన పని చేసుకున్నాడు. దానికీ అన్న పదిమంది ముందు మెచ్చుకున్నాడు. ఇంట్లో అందరూ వెనక తలుపుకు మొక్కుతుంటే గిరి మాత్రం ముందు తలుపు దగ్గరే తచ్చాడేవాడు. సొట్టయితే ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. అన్న చేత రోజూ పుట్టీకి దణ్ణం పెట్టిస్తున్నానని ఎలా చెప్పుకుంటాడు? రెండేళ్ళు గడిచిపోయాయి.

మండీ పని పెరిగి, అన్న పెద్ద బండి కొనాలనుకున్నాడు. వ్యాను చూడటానికి పలమనేరునుంచి సుబ్బన్న అనే పాల వ్యాపారి వచ్చాడు. చుట్టూ తిరిగి, చక్రాలు తన్ని, తలుపులు తీసి వేసి చూశాడు.

"యాడన్నా గుద్దిండేది ఉండాదా శీనివాసులన్నా?"

"గీత గూడా పడలేదు."

"నీ మాట సాలు."

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ మాటను గురించి పట్టింపు ఉన్న మనిషికి ఇంకో మెట్టు ఎక్కాలనిపిస్తుంది. "నా మాటెందుకప్పా? సాచ్చం ఈడనే ఉండాడు. నామాల మీద సెయ్యి పెట్టి సెప్తా ఉండా" అంటూ అన్న వెనక తలుపు దగ్గరికి నడిచి, చెప్పులు విడిచాడు.

బెల్లం మండీలో ఎంత గొడవ వచ్చినా అన్న దేవుడి మీద ఒట్టు వేయగా గిరి ఏనాడూ చూడలేదు. ఇప్పుడు వేస్తున్నాడు, అదీ తమ్ముడి భక్తిని నమ్మి. తప్పు తనది. అబద్ధపు ఒట్టు మాత్రం అన్న తలకు చుట్టుకోబోతోంది.

చెయ్యి నామాలకు బెత్తెడు దూరంలో ఉండగా గిరి పరుగున వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దన్నా! ఒట్టెయ్యాకు. గుద్దినాను. నువ్వు మద్రాసు పోయినప్పుడు నేనే గుద్దినాను."

అన్నకు అర్థం కాలేదు. గిరి గోటితో స్టిక్కరు అంచు లేపి లాగాడు. దాంతోపాటు తెల్ల పెచ్చులూడి వచ్చాయి. అడుగున ఎండి బీటలు వారిన మట్టిరంగు పుట్టీ బయటపడింది. నామాలు గిరి వేళ్ళకు అంటుకుపోయాయి. వాటిని కింద పడెయ్యలేడు, పట్టుకుని నిలబడనూ లేడు.

సుబ్బన్నే ముందు తేరుకున్నాడు. "ఈ మాత్రం సొట్టకా ఇంత? నా పాలక్యాన్లు తగిలితే ఇంతకన్నా పెద్దది పడతాది. బేస్తవారం వచ్చి తోలుకపోతా" అని, అక్కడ తన అవసరం లేదని గ్రహించి వెళ్ళిపోయాడు.

అన్న పుట్టీ వంక చాలాసేపు చూశాడు. గొంతు పెంచలేదు.

"అయితే ఈ రెండేండ్లూ నేను దేనికి మొక్కినట్టురా?"

అన్న ఒక్క దెబ్బ కొట్టి ఉంటే గిరి ఆ కాళ్ళ మీద పడి ఏడ్చేవాడు. అన్న ఆ నామాలను తమ్ముడి వేళ్ళనుంచి చినగకుండా మెల్లగా విడదీసి, లోపలికి తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దున గిరి ఎప్పటిలాగే బకెట్టుతో నీళ్ళు తెచ్చి వ్యాను దగ్గర నిలబడ్డాడు. అన్న తాళం పట్టుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ వ్యాను వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచి, చెయ్యి చాచాడు. బీటలు వారిన పుట్టీ ముందు ఆ చెయ్యి ఆగింది. ఒక క్షణం అలాగే ఉండి, దేన్నీ తాకకుండా కిందికి దిగింది. అన్న చెప్పులు వేసుకుని, గిరి వైపు చూడకుండా వెళ్ళి బండిలో కూర్చున్నాడు.