బొటనవేలంత జాగా

నలభై ఏళ్లుగా బూట్లు కుడుతున్న తాతది ఒకటే పట్టుదల: పాదం కొలవందే తోలు మీద కత్తి పెట్టడు. అలాంటి మనిషిని పట్టుకుని, మనవరాలు ఆస్పత్రి నుంచి నడిచి రావడానికి బూట్లు కుట్టమని నాయనమ్మ వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

పిల్లకి ఏడేళ్లు. ఇంట్లో అందరూ గడుగ్గాయి అంటారు. అన్న ఇచ్చిన ఎముక మజ్జ ఎక్కించి పదిహేను రోజులైంది. అది ఒంటికి పట్టిందనడానికి తెల్లకణాలు పెరగాలి. అవేమో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. అద్దాల గదిలోకి తల్లి తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. నాయనమ్మ రోజుకి మూడుసార్లు దేవుణ్ణి కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడుతుంది. తాత ప్రార్థన ఒక్క ముక్క: "నీకు తెలుసుగా." అంతే, మళ్లీ పనిలో పడతాడు.

కొలత లేకుండా కుట్టనని తాత మొండికేశాడు. అసలు సంగతి వేరు. కుట్టిన బూట్లు అరలో అలాగే ఉండిపోతే చూడలేనని ఆయన భయం. ఆ మాట పైకి అనలేడు.

ఈ రభసంతా ఫోన్లో విన్న గడుగ్గాయి, మర్నాడు తాత అద్దం దగ్గరికి రాగానే కుర్చీలో వెనక్కి వాలి, కాలెత్తి, పాదం అద్దానికి ఆనించింది. గుండు తల, మూతికి మాస్కు, కళ్లనిండా అల్లరి.

"కొలుచుకో తాతా. కితకితలు మాత్రం పెట్టలేవుగా," అంది ఫోన్లో.

తాత నర్సు దగ్గర మార్కర్ పెన్ను అడుక్కుని అద్దం మీద పాదం చుట్టూ గీత గీశాడు. నర్సు ముందు కసురుకుంది. తర్వాత తనే ఆ గీత మీద కాగితం పట్టుకుని దించుకోవడానికి సాయం చేసింది.

ఆ పాదం పుల్లలా సన్నబడిపోయింది. తాత కొట్టుకి వచ్చి కాగితాన్ని తోలు మీద పరిచాడు. పిల్లల బూట్లకి వేళ్ల ముందు బొటనవేలంత జాగా వదలడం ఆయన అలవాటు, ఎదిగే కాళ్లు కదా. కత్తి సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోయింది. వదలాలా, వద్దా? చివరికి "నీకు తెలుసుగా" అనుకుని, జాగా వదిలే కోశాడు.

నాలుగు రోజులకి కణాలు లేచాయి. ఇంకో నెలకి గడుగ్గాయి ఆ బూట్లలో దూది కుక్కుకుని, బాతులా ఊగుతూ ఇంటికి నడిచొచ్చింది. మహానుభావుడికి కొలత తప్పిందని నాయనమ్మ వీధంతా టాంటాం చేసింది.

ఏడాది తిరిగింది. ఓరోజు గడుగ్గాయి చిటపటలాడుతూ కొట్టులోకి వచ్చి, బూట్లు విప్పి బల్ల మీద పడేసింది.

"ఏం కుట్టావు తాతా, వేళ్లు నొక్కుకుపోతున్నాయి."

తన పనికి వంక పెట్టినవాళ్లని తాత ఏనాడూ ఊరికే వదల్లేదు. ఈసారి మాత్రం బూటులో చెయ్యి పెట్టి చూశాడు. వేళ్ల గుంటలు బూటు కొసదాకా పడ్డాయి, ముందు సూది దూరే జాగా కూడా లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాల్ని కాదు.

"కాలు ఇలా పెట్టవే," అంటూ నేల మీద కొత్త కాగితం పరిచాడు. ఈసారి తన చేత్తోనే కొలిచాడు, కితకితలు పెట్టి మరీ.