పనసపెట్టెకు కన్నాలు

మా అమ్మాయి గంగాభవాని కంప్యూటరుకు పెట్టె తానే చేస్తానన్న రోజున నాకు అన్నం సహించలేదు. అమలాపురంలో త్రిమూర్తులుగారి టైపు ఇనిస్టిట్యూటులో అది టీచరు. మావారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పటినుంచి ఇల్లు దాని ఉద్యోగం మీదే నిలిచింది. త్రిమూర్తులుగారు మద్రాసు నుంచి కంప్యూటరు తెప్పిస్తే, రావులపాలెంలో లారీ నుంచి దించేటప్పుడు అరటిగెలలు మీదపడి దాని రేకు డబ్బా నలిగిపోయింది. లోపలి సామాను బాగానే ఉందట. కొత్త డబ్బాకు నెల పడుతుందన్నారు. ప్రారంభమేమో సోమవారం. టైపుకు పిల్లలు రావడం లేదు, ఈ మిషను నడవకపోతే ఇనిస్టిట్యూటు మూసేస్తానని ఆయన ముందే చెప్పేశారు.

సరిపడే పెట్టె కోసం వెతికి వెతికి, అమ్మాయి చివరికి మావారి మంచం పక్కనున్న పనసచెక్క పెట్టె మీద కన్నేసింది. నాలుగు తరాల వేదపుస్తకాలున్న పెట్టె అది. నాన్నను అడిగింది. ఆయన ఎడమచేత్తో పుస్తకాలు తీసేయమని చూపించారు. నేను వద్దన్నాను. ఏమవుతుందో తెలియదు గానీ మంచి మాత్రం జరగదని నా భయం. నా మాట ఎవరు విన్నారు?

శనివారమంతా వడ్రంగిని అడిగి తెచ్చిన బర్మాతో పెట్టెకు రెండు పక్కలా, వెనకా కన్నాలు పెట్టింది. అది తిప్పినప్పుడల్లా నా గుండెలో తిప్పినట్టే ఉంది. అడుగున సైకిలు ట్యూబు ముక్కలు వేసి, సామాను మరలతో బిగించింది. చిన్న ఫ్యాను కూడా ఉంది. సాయంత్రానికి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. అది నవ్వింది. దాని నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఆదివారం పొద్దున్న అది తలంటుకుంటుంటే ఆ కన్నాలే చూస్తూ కూర్చున్నాను. నేను కాపురానికి వచ్చిన ఏడాది మా అత్తగారు మొదట నేర్పిన పని, ఆ పెట్టెకు ఎక్కడ బీట కనిపించినా పసుపు కలిపిన మైనంతో పూడ్చడం. చెదపురుగు దూరితే వేదం పోయినట్టేననేవారు ఆవిడ. ముప్పై ఏళ్ల అలవాటు, చేతులు ఊరుకోలేదు. మైనం కరిగించి ఒక్కొక్క కన్నమూ పూడ్చేశాను. పనసచెక్క పసుపురంగులో మైనం కలిసిపోయింది.

మధ్యాహ్నం మిషను వేసిన అరగంటకు తెర నల్లబడింది. మళ్లీ వేస్తే లేవలేదు. మరలు విప్పింది, తీగలు చూసింది, మళ్లీ బిగించింది. చివరికి నేలమీద కూలబడింది.

"నాన్న పెట్టెనూ పాడు చేసేను, ఉద్యోగమూ పోగొట్టుకున్నానమ్మా" అంది.

దగ్గరకు తీసుకోబోతూ పెట్టె మీద చెయ్యి వేశాను. పొయ్యిమీది గిన్నెలా కాలింది.

"చెదలు పడతాయని కన్నాలన్నీ నేనే పూడ్చేనే."

అది తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పుస్తకాలకి గాలి తగలకూడదు. దీనికి తగలాలమ్మా. ఊపిరాడక ఆగిపోయింది" అంది.

ఇద్దరం పిన్నీసులతో మైనం పొడిచి తీశాం. చల్లారాక అక్షరాలు వచ్చాయి గానీ, ఇంకోసారి ఇలా కాగితే ఇక లేవదని చెప్పింది.

సోమవారం ముహూర్తానికి ఇనిస్టిట్యూటు హాల్లో మిషను వేసి, బొట్టు పెట్టి, పెట్టెనూ తెరనూ కలిపి పట్టుశాలువా కప్పారు త్రిమూర్తులుగారు. మండపేట నుంచి మిల్లు యజమాని వచ్చి దాన్ని తీసి ప్రారంభించాలట. ఆయన ఎంతకీ రాలేదు. అమ్మాయి త్రిమూర్తులుగారి దగ్గరకు వెళ్లి, శాలువా తీసేద్దామని మెల్లిగా చెప్పింది.

"ఆయ్, తెలుసండి. ముహూర్తానికి కప్పింది పెద్దాయనే తియ్యాలండి. మనం తీస్తే అశుభం కదండీ" అన్నారాయన. మిషను ఆర్పడానికీ ఒప్పుకోలేదు, వెలిగించిన దీపం లాంటిదన్నారు.

అది వెనక్కు వచ్చి గోడకు ఆనుకుంది. ముఖంలో నెత్తురు లేదు.

అశుభమంటే నాకున్న భయం ఆ హాల్లో ఎవరికీ ఉండదు. నలుగురిలో నోరు విప్పిన దాన్నీ కాదు. లేచి వెళ్లి శాలువా మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. లాగేశాను.

"దానికి ఊపిరాడదండీ" అన్నాను.

ఆకుపచ్చ అక్షరాలు ఇంకా ఉన్నాయి. పెట్టెకు చెవి ఆనించాను. లోపల ఫ్యాను తిరుగుతోంది. త్రిమూర్తులుగారి వంక చూసే ధైర్యం లేక, శాలువా మడతపెడుతూ అక్కడే నిలబడ్డాను.