బెండకాయ పువ్వుకు అతుకు

నేనడిగే రెండో ప్రశ్న దగ్గర దాదాపు అందరూ ఆగుతారు. మొదటిది సులువు. ఏ పని చేస్తుంటే మీకు అన్నం వేళ గుర్తుండదు? ఎవర్నడిగినా కళ్ళు మెరుస్తాయి, గంటసేపు చెబుతారు. రెండోది, మీ స్నేహితులెవరు, ఒక్క పేరే చెప్పండి అని. మండపేటలో ఒక రైసుమిల్లు మెకానిక్ దీనికి పావుగంట ఆలోచించి, చివరికి చనిపోయిన మేనమామ పేరు చెప్పాడు.

కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్ళం నెలకొకసారి తెచ్చుకునే చిన్న పత్రికలో నాదొక పేజీ. పెద్ద పేరేమీ లేని మనుషులతో మాట్లాడి రాస్తాను. నిడదవోలులో మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక రైలెక్కి, సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు తిరిగి వస్తాను. నాకొక పట్టింపు ఉంది. వాళ్ళు పేరు చెప్పిన స్నేహితుల్ని కూడా కలిసి, ఇద్దరి మాటా సరిపోయాకే అచ్చుకు ఇస్తాను. ఎడిటరు పావని దీన్ని చాదస్తం అంటుంది. ఈసారి జరిగింది చూస్తే దాన్ని చాదస్తం అనాలో, ఇంకా పెద్ద మాటేదైనా అనాలో నాకు తెలియడం లేదు.

పాలకొల్లు దాటి ఆటోలో అరగంట వెళితే వచ్చే ఊళ్ళో జ్ఞానమ్మ లేసు అల్లుతుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది అల్లుతారు. కొనన కొక్కెం ఉన్న సూదితో తెల్లదారాన్ని చిన్న చిన్న పువ్వులుగా అల్లేది ఒకరు, ఆ పువ్వులన్నిటినీ కలిపి దుప్పటిగానో టేబులు గుడ్డగానో అతికేది మరొకరు. జ్ఞానమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. ఊరి చివర పేటలో, చర్చి పక్కన రెండు గదుల స్లాబు ఇల్లు. నేను వెళ్ళగానే కుర్చీ వేసి, నాలుగిళ్ళ అవతల కొట్టుకు తనే నడిచి వెళ్ళి, సీలు తియ్యని నీళ్ళసీసా, ఒక కూల్‌డ్రింకు తెచ్చి ఇచ్చింది. ఎండలో ఎందుకమ్మా ఈ శ్రమ అన్నాను. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

మొదటి ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు ఈ పేజీ రాస్తున్న రెండేళ్ళలో నేను విన్నవాటిలోకెల్లా మంచిది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు కూరకు బెండకాయలు కోస్తూ ముక్క కేసి చూసిందట. అయిదు గదులు, గదికో గింజ. కత్తిపీట వదిలేసి సూది పట్టుకుందట. ఆ పూట ఇంట్లో కూర లేదు. లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు ఆ పువ్వు చూసి నవ్వాడట. ఆరు మూలల పువ్వయితే పక్కపక్కన ఇముడుతుంది, అయిదు మూలలది ఎలా పెట్టినా మధ్యలో సందు మిగులుతుంది, అతకడం ఎవరి వల్లా కాదు అన్నాడట.

"మూడు నెలలు కూచుందండి ఆవిడ," అంది జ్ఞానమ్మ. "ఆ సందులో పట్టేలాగ ఈ చిన్న నక్షత్రం కనిపెట్టింది. ఆవిడ లేకపోతే నా పువ్వు కూరలోకెళ్ళిపోయేదండి."

ఆవిడంటే రత్నమాణిక్యం. ఊళ్ళో వ్యవసాయం ఉన్న ఇంటి మనిషి. జ్ఞానమ్మ పువ్వులల్లితే ఆమె అతుకుతుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఇంటి వరండాలో దాదాపు రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి కూర్చుంటారు. అందుకే రెండో ప్రశ్నకు జ్ఞానమ్మ ఆలోచించలేదు.

"ఇంకెవరండి, రత్నమాణిక్యంగారే," అంది. ఆ పేరు తప్పుల్లేకుండా రాసుకోమని రెండుసార్లు పలికింది. పత్రిక వచ్చాక తనకొక కాపీ పంపమంది. చర్చిలో అందరికీ చూపిస్తుందట.

రైలుకు ఇంకా టైముంది కాబట్టి అప్పుడే రత్నమాణిక్యం ఇంటికి వెళ్ళాను. అరవై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా కూర్చుని అతుకుతోంది. నాకు కాఫీ తెప్పించింది. పువ్వు గురించి, నక్షత్రం గురించి ఆమె చెప్పింది కూడా జ్ఞానమ్మ చెప్పినదాంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఒక్కచోట తేడా వచ్చింది. మూడు నెలలు కాదు, నాలుగు నెలలట. నేను దిద్దుకున్నాను. మీరే తన స్నేహితురాలని జ్ఞానమ్మ చెప్పిందండి అన్నాను.

ఆమె చేతిలో సూది ఆగింది.

"అలా చెప్పిందా?"

"అవునండి."

"మేం స్నేహితులం కాదండి. అలా రాయకండి."

ఎందుకని అడిగితే, రాయకండి అని మళ్ళీ అని, పాలు పొంగుతాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. అవమానించినట్టు లేదు, కోపమూ లేదు. అబద్ధం రాయొద్దని హెచ్చరించినట్టు ఉంది ఆ గొంతు.

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే విసుగు. ఇద్దరి మాటా సరిపోవాలి కదా. తిన్నగా జ్ఞానమ్మ దగ్గరకు వెళ్ళి, ఆవిడ ఇలా అంటున్నారు, ఏం రాయమంటారు అని అడిగాను. లెక్కలో తేడా వస్తే బ్యాంకులో అడిగినట్టు అడిగాను.

జ్ఞానమ్మ తలెత్తలేదు. అల్లుతూనే ఉంది.

"ఆయ్. ఆవిడ కాదంటే కాదండి," అంది. "నేనే ఎక్కువ అనేసుకున్నాను. ఆ పేరు తీసెయ్యండి."

మరి ఎవరి పేరు రాయమంటారు అన్నాను. అది కూడా అడిగాను.

"ఖాళీగా వదిలెయ్యండి."

ఇంటికొచ్చి మూడు వారాలు ఆ పేజీ రాయలేకపోయాను. రోజూ ఒకే వరండాలో కూర్చునేవాళ్ళు. ఒకామె అవునంటుంది, ఒకామె కాదంటుంది, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంటుంది. కులం పట్టింపు అనుకుంటే, ఒక మనిషి పువ్వు కోసం నాలుగు నెలలు సందులు కొలుచుకుంటూ కూర్చునే మనిషికి ఆ పట్టింపు ఎక్కడ ఉంది? లేదనుకుంటే ఆ మాట ఎందుకు వచ్చింది? పావనికి ఫోన్ చేస్తే, మొదటి సగం వేసేసి ఊరుకోమంది. అందుకు నా మనసొప్పలేదు. జ్ఞానమ్మ రెండుసార్లు పలికి రాయించిన పేరును కొట్టేసిన గీత నా నోటుబుక్కులో అలాగే ఉంది.

నాలుగో వారం రత్నమాణిక్యమే ఫోన్ చేసింది. శుక్రవారం ఉదయం రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

వెళ్ళేసరికి మంచం మీద సగం అయిన దుప్పటి పరిచి ఉంది. చూడమని ఊరుకుంది. పై సగం నీళ్ళలా పరుచుకుని ఉంది. కింది సగం ముడుచుకుపోయి, అంచు లేచి నిలబడింది. చేత్తో నొక్కితే కూర్చుంటోంది, తీస్తే లేస్తోంది.

"దారం అదే, సూది అదే," అంది రత్నమాణిక్యం. "పువ్వుకెన్ని గొలుసుకుట్లో నేను లెక్కెట్టాను. ఒక్కటి తగ్గలేదు. పువ్వు మాత్రం గోరంచు చిన్నదైపోయింది. జ్ఞానమ్మ చెయ్యి బిగిసిపోయిందండి. వాళ్ళాయన పోయినప్పుడొకసారి ఇలాగే అయింది. మళ్ళీ ఇప్పుడే."

జ్ఞానమ్మ ఏమీ అనడం లేదట. రోజూ వస్తోంది, పువ్వులిస్తోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. చెయ్యి మాత్రం వదులు కావడం లేదు.

"మీరేం చెప్పారండి దానికి?"

చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చుని ఆ ముడతలనే చూసింది. అది కాదు నేనన్నది అంది. మరి ఏమిటండి మీరన్నది అంటే చెప్పింది.

"వాళ్ళింట్లో నేనొక పూట అన్నం తినలేదండి. మా ఇంట్లో దానికి నేను కూచోబెట్టి పెట్టలేదు. మా అత్తగారున్నప్పుడు కుదరలేదు. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్ళయింది, అప్పుడూ పెట్టలేదు. అలవాటైపోయింది. దాని కొడుకు పెళ్ళికెళ్ళి కవరు చేతిలో పెట్టి పందిట్లోంచే వచ్చేశాను. అంత చేసి, స్నేహితురాలినని పుస్తకంలో వేయించుకోమంటారా? దాన్ని తక్కువ చేసి కాదండి అన్నది. నాకు తగదని."

నేను నోటుబుక్కు మూసేశాను.

"మీరేం తాగారు వాళ్ళింట్లో?" అంది ఉన్నట్టుండి.

సీలున్న నీళ్ళసీసా సంగతి చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమైంది. ఆ ఎండలో జ్ఞానమ్మ కొట్టుకు ఎందుకు వెళ్ళిందో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు. రత్నమాణిక్యం తల ఊపి లేచింది.

"ఇవాళ శుక్రవారం, మంచిరోజు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను. దానింటికి అన్నానికెళ్దాం పదండి. ముందు చెబితే పిండివంటలని హడావిడి చేస్తాది."

పన్నెండు దాటాక బయల్దేరాం. పేట మొదట్లో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. జ్ఞానమ్మ ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. చర్చిలోంచి పాట వినిపిస్తోంది. నేను గుమ్మం నీడలో నిలబడ్డాను. రత్నమాణిక్యం మెట్టు మీద కూర్చుంది. పోయేవాళ్ళు ఆమెను, పక్కనున్న నన్ను మార్చి మార్చి చూశారు. ఒకామె కుర్చీ తెస్తానంటే వద్దంది. పాట అయిపోయి ప్రార్థన, ప్రార్థన అయిపోయి మళ్ళీ పాట. శుక్రవారాలు జ్ఞానమ్మ లేసుకు రాదట. ఎందుకని నేనడిగితే, ఏదో ప్రార్థనకెళ్తాదనుకుంటాను అంది రత్నమాణిక్యం. ఎప్పుడూ అడగలేదట.

రెండు దాటాక జ్ఞానమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. మెట్టు మీద మనిషిని చూసి గబగబా నడిచింది.

"ఏమైందండి? ఎవరికన్నా బాగోలేదా?"

"అన్నం తిందామని వచ్చాను," అంది రత్నమాణిక్యం.

జ్ఞానమ్మ నా వైపు చూసింది. నా మొహంలో ఏముందో నాకు తెలియదు.

"ఇవాళ శుక్రవారం కదండి. మాకు మూడింటిదాకా ఉపవాసం. పొద్దుట్నుంచి పొయ్యి వెలిగించలేదు."

"నాకు తెలీదు."

"ముప్పై నాలుగేళ్ళ నుంచీ శుక్రవారమేనండి," అంది జ్ఞానమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. సంగతి చెప్పినట్టు చెప్పింది. అందుకేనేమో రత్నమాణిక్యం మొహం వాడిపోయింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోవడమే సుఖం కూడా. కానీ జ్ఞానమ్మ తలుపు గొళ్ళెం తీసేదాకా ఆగి, ఆమె వెనకాలే లోపలికి వెళ్ళి, బిందె మీద ఉన్న గ్లాసు తీసి తనే నీళ్ళు ముంచుకుని తాగింది. రెండో గ్లాసు నాకిచ్చింది.

జ్ఞానమ్మ బియ్యం కడిగింది. టమాటాలు తరిగి పప్పులో వేసింది. గూట్లో ఎండురొయ్యల డబ్బా ఉంది. నేను దానివైపు చూడటం గమనించి, ఆవిడ శుక్రవారం నీచు తినరండి, పైగా ఈ నెలలో శనివారం కూడా తినరు, మొక్కుంది అని నాతో చెప్పింది. తోటకూర పడదు, గ్యాస్ అంటారు, అందుకే పప్పులో వెయ్యలేదు అని కూడా చెప్పింది. రత్నమాణిక్యం గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది. ఎదుటి మనిషికి తన వారం, తన మొక్కు, తన కడుపు తెలుసు. తనకు ఆ మనిషి శుక్రవారమే తెలియదు. కుక్కరు విజిల్ వేసింది.

మూడున్నరకు కంచాలు పెట్టింది. ముగ్గురం కింద కూర్చున్నాం. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. రత్నమాణిక్యం చెయ్యి కంచంలో పెట్టబోయి, తీసేసి, జ్ఞానమ్మ కళ్ళు తెరిచేదాకా ఆగింది. తర్వాత పప్పు బాగుందని గాని బాగోలేదని గాని అనకుండా ఆకలిగా తింది. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది.

నా రైలుకు టైమవుతోంది. చేతులు కడుక్కున్నాక నేను నోటుబుక్కు తియ్యకుండానే, మరి ఏం రాయమంటారు అన్నాను. ఈసారి ఎవరిని అడిగానో నాకే తెలియదు.

"రాయండి," అంది రత్నమాణిక్యం. "నా పేరు రాయండి. నేను కాదన్న మాట వెనక్కి తీసుకున్నాను."

నేను జ్ఞానమ్మ వైపు చూశాను. ఆమె కంచాలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"ఇప్పుడే వద్దండి," అంది.

"అదేంటే?" అంది రత్నమాణిక్యం.

"నా మాట నేను పోయిన నెల చెప్పేశానండి. అప్పుడు మీకు బరువైంది. ఇప్పుడు మీరు చెప్పారు, నాకు బరువుగానే ఉంది. కొన్నాళ్ళు పోనివ్వండి. కుదురుకున్నాక ఈ అమ్మగారికి నేనే ఫోన్ చేస్తాను."

రత్నమాణిక్యం వాదించలేదు. చీరకొంగుతో మూతి తుడుచుకుని, సోమవారం వస్తాను, ఆ రోజు ఉపవాసాలేం లేవు కదా అని అడిగింది. లేవండి అంది జ్ఞానమ్మ. ఏం వండుతావు అంటే, మీరు రండి, అప్పుడు చూద్దాం అంది. నవ్విందో లేదో పొయ్యివైపు తిరిగి ఉండటం వల్ల నాకు కనబడలేదు. నేను లేచేసరికి రత్నమాణిక్యం తన సంచిలోంచి, ఇంకా అతకని ఆ బిగుసుకున్న చిన్న పువ్వుల కట్ట తీసింది. మళ్ళీ అల్లడానికి ఇద్దరూ చెరో పువ్వు పట్టుకుని విప్పడం మొదలుపెట్టారు.

రైల్లో పావని ఫోన్ చేసి ఈ నెల పేజీ ఏదంది. లేదన్నాను. ఎందుకు లేదంటే చెప్పలేకపోయాను. ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటున్నారు, వాళ్ళు అవునంటే వీళ్ళు వద్దంటున్నారు అంటే, సుప్రియా నీకేమైనా పిచ్చా అంది. జ్ఞానమ్మ ఫోన్ ఇంకా రాలేదు.