ఎర్ర బాణాల దారి

సెలే నది లోయలో పరుగు దారులు మూడు. నీలం బాణాలది పెద్దవాళ్లకు, పసుపు బాణాలది ఆదివారం సరదాకు వచ్చేవాళ్లకు, ఎర్ర బాణాలది కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు. మూడింటినీ ఏర్పరచినవాడు సిల్వెన్. మేయరు ఆఫీసులో రోడ్ల పనివాడు. గట్ల మీద గడ్డి కోయడం, గుంతలు పూడ్చడం అతని ఉద్యోగం. బాణాలు మాత్రం ఉద్యోగం కాదు, ప్రాణం. చెట్ల మీద, రాళ్ల మీద, వంతెన గోడ మీద ఒక్కొక్క బాణాన్నీ తన చేత్తోనే వేశాడు.

ఎర్ర దారి పదకొండు కిలోమీటర్లు. దాన్ని యాభై నిమిషాల్లోపు పరిగెత్తాలన్నది నలభై ఆరేళ్ల సిల్వెన్ పంతం.

"ఈ ఏడు కొట్టకపోతే బూట్లు నదిలో పారేస్తా," అనేవాడు నాదెజ్ కాఫీ కొట్లో.

"పోయినేడూ అదే అన్నావు. చేపలు పాపం కాచుక్కూర్చున్నాయి," అనేది నాదెజ్. కొట్టంతా గొల్లుమనేది.

అందుకే అక్టోబరులో ఒక బుధవారం, ఎవరికీ చెప్పకుండా, సగం రోజు సెలవు పెట్టి బయల్దేరాడు. పొగమంచు నది మీద నుంచి అప్పుడే లేస్తోంది. కొండచరియ కింద దారి తడిగా ఉన్నా కాళ్లు తేలిగ్గా ఆడుతున్నాయి. ఎనిమిదో కిలోమీటరు దగ్గర గడియారం చూసుకుంటే గుండె ఎగిరి గంతేసింది. ఇలాగే సాగితే ఇవాళ అయిపోయినట్టే.

అక్కడే దారి మదాం ఇర్మా అక్రోటు తోట అంచున పోతుంది. ఇర్మాకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఒకప్పుడు బడిలో పిల్లలకు వండిపెట్టేది. సిల్వెన్ ఆరేళ్లపాటు ఆమె చేతి కూడు తిన్నవాడే.

ఇర్మా ఒక చెట్టు కింద నేల మీద కూర్చుని ఉంది. బుట్ట బోర్లా పడి ఉంది. కాయలు చుట్టూ చెదిరి ఉన్నాయి. అతన్ని చూసి చేతికర్ర పైకెత్తింది.

"బాగున్నారా మదాం ఇర్మా!" అని సిల్వెన్ చెయ్యెత్తి ఊపాడు.

ఆమె ఏదో అంది. నది చప్పుడులో మాట వినపడలేదు. కాని ముఖం కనపడింది. ఆ చలిలో, ఆ తడిగడ్డిలో, ఆ వయసు మనిషి ఊరికే కూర్చోదని అతని మనసుకు తెలిసిపోయింది. కాళ్లు మాత్రం ఆగలేదు. కొడుకో కోడలో దగ్గరలోనే ఉంటారులే అని తనకు తనే చెప్పుకున్నాడు. ఇర్మాకు పిల్లలు లేరు. ఆ సంగతి లోయలో అందరికీ తెలుసు.

నలభై తొమ్మిది నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

స్నానం చేసి, ఈల వేసుకుంటూ కాఫీ కొట్టుకు వెళ్లాడు. కబురు చెప్పబోతూ నోరు తెరిచాడో లేదో, ఎదురుగా రోడ్డు మీద అంబులెన్సు కూత పెట్టుకుంటూ పోయింది. వెనకాలే రొట్టెల బండి నడిపే ఆమె లోపలికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మదాం ఇర్మా తోటలో పడిపోయింది. తుంటి విరిగిందంట. రెండున్నర గంటలు ఆ చలిలో పడి ఉంది. నేను రొట్టె ఇవ్వడానికి వెళ్లి, ఇంట్లో లేదని వెతికితే..."

సిల్వెన్ తెరిచిన నోరు మూశాడు. ఇంటికి వెళ్లి ఫోనులో నమోదైన ఆ పరుగు లెక్కను తుడిచేశాడు.

రెండు రోజులకు ఆస్పత్రి నుంచి ఇంకో మాట వచ్చింది. పడి ఉన్నప్పుడు ఎవరో ఆమె పక్కనుంచే పరిగెత్తుకుంటూ పోయారట. ఎవరని అడిగితే, కళ్లజోడు లేక గుర్తుపట్టలేదందట.

"మనూరి వాడైతే ఆగడూ?" అంది నాదెజ్. "ఆ డచ్చాయనే అయ్యుంటాడు."

డచ్చాయన పేరు యోస్ట్. నాలుగేళ్ల కిందట డచ్చి దేశం నుంచి వచ్చి, పాత మిల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. ఎర్ర దారిలో రోజూ పరిగెత్తుతాడు. అప్పుడప్పుడు సిల్వెన్‌తో కలిసి కూడా. ఇక ఊరికి అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. వారం తిరిగేసరికి 'అయ్యుంటాడు' కాస్తా 'అతనే' అయింది.

ఒక ఉదయం యోస్ట్ కాఫీ కొట్లోకి వచ్చాడు.

"మిషను చెడిపోయింది," అంది నాదెజ్. ఆమె వెనక మిషను బుస్సుమని ఆవిరి వదులుతోంది. పక్కనే సిల్వెన్ చేతిలో కప్పు పొగలు కక్కుతోంది.

యోస్ట్ ఆ కప్పు వైపు చూశాడు. "ఆ రోజు నేను ఊళ్లో లేను. తులూజ్‌లో పళ్ల డాక్టరు దగ్గర ఉన్నాను. కావాలంటే చీటీ చూపిస్తాను," అన్నాడు తడుముకుంటూ. సిల్వెన్ వైపు తిరిగాడు. "సిల్వెన్, నీకు తెలుసు కదా నేనెలాంటి వాణ్నో."

"నేనేం చూడలేదు," అన్నాడు సిల్వెన్, కప్పులోకి చూస్తూ.

యోస్ట్ వెళ్లిపోయాడు. ఆ రాత్రీ, తర్వాతి రాత్రులూ సిల్వెన్‌కు తన గొంతు తనకే వినపడుతూ వచ్చింది: నేనేం చూడలేదు. పరిగెత్తి పోవడం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

మూడో వారం ఫిజాక్ ఆస్పత్రికి వెళ్లాడు. ఇర్మా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది.

"ఆ రోజు పరిగెత్తింది నేనే, మదాం ఇర్మా."

"తెలుసురా. నీ గొంతు నాకు తెలియదా, పేరు పెట్టి పలకరించావుగా. బాగున్నారా అని కూడా అడిగావు."

చూసుకోలేదని చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఆమె మొహం చూశాక ఆ అబద్ధం నోట రాలేదు.

"పడిపోయారని తెలిసింది. తెలిసే పోయాను."

ఇర్మా కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఏమని చెప్పను? నా చేతి కూడు తిని పెరిగినవాడు నన్ను తడిగడ్డిలో వదిలేసి పోయాడనా? నలుగురిలో ఆ మాట అనడానికి నాకే సిగ్గేసింది." ఆమె గొంతు గట్టిపడింది. "అయితే ఒకటి. నాకు చెప్పేసి చేతులు దులుపుకుందామనుకోకు. ఎవరో డచ్చాయన్ని ఊరంతా ఆడిపోసుకుంటోందట. అతని పేరు నేనెత్తలేదు. నువ్వు ఎత్తనిచ్చావు."

శనివారం సంత రోజు. కాఫీ కొట్టు కిటకిటలాడుతోంది. సిల్వెన్ లేచి నిలబడ్డాడు.

"మదాం ఇర్మాను దాటి పోయింది నేను. యోస్ట్ కాదు."

ఎవరో హాస్యమనుకుని నవ్వి, ఆపేశారు.

"మంచులో కనపడి ఉండదులే పాపం," అంది నాదెజ్, జాలిగా. పట్టుకోవడానికి అదొక కొమ్మ. పట్టుకోవాలనే అనిపించింది.

"కనపడింది. కనపడే పోయాను. పందెం నాతో నాకే, అయినా ఆగలేదు."

నాదెజ్ ముఖం ఎర్రబడింది. "అంటే నేను ఆ మనిషికి మిషను చెడిపోయిందని చెప్తుంటే, నువ్వు పక్కనే కూర్చుని తాగుతూ ఊరుకున్నావా? నా చేత ఆ పని చేయించావా?"

సిల్వెన్ కొట్లోంచి బయటపడి తిన్నగా మిల్లుకు నడిచాడు. యోస్ట్ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు.

"పరిగెత్తుకుపోవడం నాకు అర్థమవుతుంది, సిల్వెన్. ఒక్కోసారి కాళ్లు మన మాట వినవు. కాని కాఫీ కొట్లో ఉన్నది కాళ్లు కాదు కదా, నోరు," అన్నాడు. తలుపు విసురుగా కాదు, మెల్లగా వేసుకున్నాడు. విసురుగా వేసుంటే బాగుండేదనిపించింది సిల్వెన్‌కు.

నాదెజ్ తనే మిల్లుకు వెళ్లి క్షమాపణ అడిగింది. యోస్ట్ మర్యాదగానే మాట్లాడాడు గాని, కాఫీకి పక్క ఊరే పోతున్నాడు.

జనవరిలో ఇర్మా ఇంటికి వచ్చింది. నడక చట్రం పట్టుకుని వంటింటి దాకా నడవగలదు, తోట దాకా నడవలేదు. ఇంక నడవలేదని డాక్టర్లు చెప్పేశారు. ప్రతి గురువారం సిల్వెన్ వెళ్లి పొయ్యికి కట్టెలు కొట్టి పేరుస్తాడు. క్షమించానని ఆమె అనలేదు, రావద్దనీ అనలేదు. కట్టెలు వంకరగా పేరిస్తే మాత్రం తిరిగి పేర్పిస్తుంది.

ఫిబ్రవరిలో కొత్త నర్సు వచ్చింది. లోయకు కొత్త. మందులు సర్దుతూ, సిల్వెన్ కట్టెలు కొట్టడం కిటికీలోంచి చూసి, "ఎంత మంచి మనిషండీ! ఈ కాలంలో ఇరుగుపొరుగు వాళ్లకు ఇంత చేసేవాళ్లు ఎక్కడున్నారు?" అంది.

మోపు తీసుకుని సిల్వెన్ అప్పుడే లోపలికి వస్తున్నాడు. ఇర్మా అతని వైపు చూసింది.

సిల్వెన్ మోపు దించాడు.

"అలా అనకండి," అన్నాడు. "మొదట నేనేం చేశానో వినండి." టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ బుధవారం సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.