వంటింట్లో అడిగిన మాట

నానిన బొరుగులను చేత్తో పిండి, గిన్నెలో వేస్తోంది కమలమ్మ. వరండాలో పెద్దమనుషులు ఆ బొరుగుల ఉగ్గాని కోసం కూర్చున్నారు. ఆదోని పేటలో మొగుడూ పెళ్లాల తగువు ఏదైనా ఆమె భర్త, పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య దగ్గరికే వస్తుంది. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి, ఆకూ వక్కా చేతిలో పెట్టి పంపేస్తాడు. వచ్చినవాళ్లందరికీ వండి పోసేది కమలమ్మ. కూలీ లేదు, మెప్పూ లేదు. "ఉప్పు సాల్లేదే" అన్న మాట మాత్రం దక్కుతుంది.

ఈసారి కొత్తగా వెలసిన మహిళా సంఘం అంజనమ్మ అడ్డం పడింది. "మొగుని పక్కన కూకోబెడితే ఆ పిల్ల నోరు లేస్తాదా? ముందు ఒంటిగా అడగాల. అది తేలేదాకా చాప పరిచేదే లేదు" అంది. మొగుడితో తగువుపడి వచ్చిన జిన్నింగు మిల్లు కూలి హులిగమ్మను వంటింట్లోకి తెచ్చి తలుపు మూసింది.

"నీ మొగుడు గిడ్డయ్య కొడతాడా? ఆయప్పంటే భయమా? నిజం సెప్పు తల్లీ. నువ్వు వద్దంటే ఈ మాట గడప దాటదు."

వాచిన చెంపతో హులిగమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అంజనమ్మ తల నిమిరింది.

కమలమ్మకు జాలి కలగాలి. కలగలేదు. కడుపు మండింది. ఇన్నేళ్ల సంసారంలో తననెవరైనా ఇట్లా అడిగారా? వీపు మీద తేలిన వాతలు చూసి కన్నతల్లే "నువ్వేం తక్కువ చేసినావే?" అంది. అత్త "అరవగాకు, గుమాస్తాలు వింటారు" అంది. పత్తి ఏరుకునే దీనికి తల నిమిరే చెయ్యి దొరికింది. మెడనిండా బంగారమున్న తనకు లేదు. ఆ చెయ్యి మీద, ఆ ప్రశ్న మీద, ఆఖరికి ఆ వాచిన చెంప మీద కూడా అసూయ. సిగ్గులేని అసూయ.

"ఏడుస్తావేమే? నీ మొగుడు కనపడే సోట కొట్టినాడు. అదృష్టవంతురాలివి" అనేసింది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. అన్నాకగానీ ఏం బయటపెట్టుకుందో కమలమ్మకు తెలియలేదు.

బయటి నుంచి ఇంద్రసేనయ్య కేక. "ఏమే, ఇంగెంతసేపు? ఆడోళ్లు ముగ్గురు సేరితే పొయ్యి మండుతాదా, అన్నా!" పెద్దమనుషులు పకపకా నవ్వారు.

అంజనమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా... నిన్ను గూడా కొడతాడా?"

చెబితే రేపు ఈ ఇంట్లో తన గతేమిటో కమలమ్మకు తెలుసు. చెప్పకపోతే ఏమిటో ఇంకా బాగా తెలుసు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తలుపు తీసి అడుగు, అంజనమ్మా."