మజ్జిగ పొయ్యకు అత్తా

ఎనభై ఎనిమిదిలో రాజం దుబాయి నుంచి వచ్చిన పదో రోజే దసరా. రెండేళ్లు గొంతులో చుక్క పడని మనిషి. అందుకే యాదవ్వ మొగుణ్ని బతిమాలింది. "జమ్మి పెట్టు, అలాయ్ బలాయ్ తీస్కో, ఇంటికి రా. గ్లాసు మాత్రం ముట్టకు."

అత్త పోశవ్వ కసిరింది. "పండుగ పూట పోసింది వద్దంటే మొఖాన ఉమ్మినట్టు గాదె? పోనియ్యి పోరన్ని."

మా దిక్కు జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నవాణ్ని ఊరికే పంపరు. ఇంటికో గ్లాసు. దుబాయి నుంచి వచ్చినవాడైతే ఇంకో సగం ఎక్కువ. పది ఇళ్లు దాటేసరికి లెక్క రాజానికీ తెలియదు, పోసేవాళ్లకూ తెలియదు. మర్యాదతో కూడా మనిషిని చంపొచ్చని ఆ ఊళ్లో ఒక్కరికీ తోచలేదు.

దీపాల వేళకు నలుగురు మోసుకొచ్చి మంచం మీద వెల్లకిలా పడేశారు. "ఫికర్ జెయ్యకు వదినె, పండనియ్యి, తెల్లారి లేస్తడు" అని నవ్వుకుంటూ పోయారు. పోశవ్వ లోటా నిండా మజ్జిగ తెచ్చింది. తాపితే కైపు దిగుతుందని ఆమె నమ్మకం.

యాదవ్వ మంచం మీదికి వంగింది. మొగుడి గురక ఒకటి వచ్చాక ఇంకొకటి రావడానికి పది దాకా లెక్కపెట్టాల్సి వస్తోంది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఇదే గురక ఆమె పుట్టింట్లో విన్నది. హోలీ నాడు తాగి వెల్లకిలా పడుకున్న అన్న, కక్కింది గొంతుకు అడ్డంపడి పోయాడు. పక్కనే పేకముక్కలతో పత్తాలాడుతున్నవాళ్లు నిద్రపోతున్నాడనే అనుకున్నారు.

"పొయ్యకు అత్తా!" లోటా లాక్కుని వాకిట్లోకి విసిరింది. "మింగే తెలివి లేనోని నోట్ల పోస్తే ఊపిరితిత్తులకు పోతది. మా అన్న గిట్లనే పోయిండు!"

మొగుణ్ని పక్కకు తిప్పిందో లేదో, భళ్లున కక్కాడు.

జగిత్యాల దవాఖాన ఎనిమిది మైళ్లు. యాదవ్వ వాడంతా ఉరికింది. జీపు డ్రైవరు గడపలోనే బోర్లా పడి ఉన్నాడు. పక్కింటి రామచంద్రం ట్రాక్టరు తాళం చేతికిచ్చి, "నేనే తోల్త" అంటూ అక్కడే కూలబడ్డాడు. తోలుతామన్నవాళ్లకు కొదవ లేదు, నిలబడగలిగినవాడే లేడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

చివరికి దొరికినవాడు వెంకటి. కొండగట్టు అంజన్నకు మొక్కుకుని తాగుడు మానిన మనిషి. జమ్మి పెట్టిన ప్రతి ఇంట్లో చాయ అడిగి తాగినందుకు పొద్దంతా ఊరు అతన్ని ఎక్కిరించింది. అతనే ట్రాక్టరు తోలాడు.

ట్రాలీలో పోశవ్వ కొడుకు తలను పక్కకు తిప్పి పట్టుకుంది. యాదవ్వ అరచేయి అతని ఛాతీ మీద ఉంది. ఒకసారి లెక్క పదిహేను దాటింది. "అంజన్నా!" అని ఆమె అరిచిన అరుపుకు వెంకటి వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు గానీ ఛాతీ లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాజం కళ్లు తెరిచాడు. సంగతి తెలిసి రామచంద్రం దవాఖానకు వచ్చాడు, మొఖం కడుక్కుని, నవ్వుకుంటూ. "గండం గడిచింది గదా. ఊరోళ్లందరికి దావత్ ఇయ్యాలె!"

"ఇస్త," అంది పోశవ్వ. "చాయ తోని ఇస్త. వెంకటిని ముందుగాల కూసోబెడుత. నా కొడుకును తాగుమని తోలింది నేనే, నా నోరు పడిపోను."

"చాయ తోని పండుగేంది పెద్దవ్వా?" అని రామచంద్రం పకపకా నవ్వాడు.

యాదవ్వ మొగుడి ఛాతీ మీది నుంచి చేయి తీయలేదు.

"నిన్న పదిహేను దాంక లెక్కవెట్టిన, అన్నా. పదహారు అనేటందుకు నాకు నోరు రాలే. నీ పెండ్లాం కమలక్కతోని గా లెక్క వెట్టిస్తవా?"

రామచంద్రం నవ్వు ఆగిపోయింది.