వెయ్యని రాయి

మనిషి ఒకసారి చావు గడప దాకా వెళ్లొచ్చాడంటే చాలు, ఊళ్లో ప్రతివాడూ డాక్టరైపోతాడు. ఓరెస్ట్ హవ్రిలుక్‌కి నవంబరులో గుండెపోటు వచ్చింది. అదీ ఎక్కడనుకున్నారు, మంచు మీద బరువైన రాళ్లు జార్చి ఆడే ఊరి కర్లింగ్ క్లబ్బులో, ఆట మధ్యలో, అందరి కళ్లముందూ. అప్పట్నుంచీ పోస్టాఫీసుకెళ్తే "వెన్న మానేశావా?" అని అక్కడావిడ, చర్చికెళ్తే "నడుస్తున్నావా?" అని ఫాదరు. ఇక "అదృష్టవంతుడివయ్యా, దేవుడు రెండో బతుకిచ్చాడు" అనే దారినపోయే దానయ్యలకైతే లెక్కే లేదు. ఆ మాట వింటే ఓరెస్ట్‌కి ఒళ్లు మండిపోయేది. అదృష్టమట, అదృష్టం!

పట్నంలో, అదే విన్నిపెగ్‌లో, డాక్టరమ్మ కూడా అదే పాట. "స్టెంటు భేషుగ్గా ఉంది. గుండె గడియారంలా కొట్టుకుంటోంది. ఇంకేం కావాలి, హాయిగా ఆడుకో" అంది.

గుండె సంగతి సరే. మరి నాలుగు మెట్లెక్కి కాస్త ఆయాసం రాగానే చేతులు చల్లబడిపోతున్నాయే, దాన్నేమనాలి? టీవీలో హాకీ చూస్తుంటే, మనవాళ్లు గోల్ కొట్టగానే గుండె దడదడలాడుతుంది. అంతే, టక్కున టీవీ కట్టేసి కుర్చీ చేతులు పట్టుకుని కూచుంటున్నాడు. ఈ ముక్క భార్య లేసియాకి చెప్తే ఇంకేమన్నా ఉందా, మాట పూర్తికాకముందే అంబులెన్సు పిలుస్తుంది. అసలే ఆ మహాతల్లి అతను కాస్త కునుకు తీస్తే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

ఇలా ఉండగా, జట్టు కెప్టెన్సీ విల్ఫ్‌కి ఇచ్చేద్దామని క్లబ్బులో గుసగుసలు మొదలయ్యాయి. విల్ఫ్ ఫ్రీసెన్ పరాయివాడేం కాదు. ఓరెస్ట్‌తో కలిసి బళ్లో చదివినవాడు, ముప్పై ఏళ్లుగా అదే జట్టులో అతని కుడిభుజం. ఆ రోజు అంబులెన్సు వచ్చేదాకా ఓరెస్ట్ ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టింది కూడా వాడే. అయినా సరే, కెప్టెన్సీ పోతే ఓరెస్ట్‌కి ఇంక మిగిలేదేమిటి? మాత్రల డబ్బా, ఉప్పులేని చారూ.

"గురువారం ఆట నేనే ఆడిస్తున్నా. మొదటి రాయి నుంచి ఆఖరి రాయి దాకా మంచు మీదే ఉంటా. ఆ తర్వాత ఎవడన్నా నోరెత్తితే చూస్తా" అని క్లబ్బులో అందరూ వినేలా చెప్పి వచ్చాడు.

అన్నట్టే గురువారం దిగాడు, బాగానే ఆడాడు కూడా. అవతలి జట్టు కెప్టెన్ గార్నెట్ నోటి దురుసు మనిషి. "ఏం ఓరెస్ట్, ఆ రాయిని తోస్తున్నావా, జోకొడుతున్నావా?" అంటూ ఆటంతా ఏడిపిస్తూనే ఉన్నాడు. చివరికి రెండు జట్లూ సమానమయ్యాయి. మిగిలింది ఓరెస్ట్ చేతిలో ఒక్క రాయి. దాన్ని అవతలి కొసన ఉన్న వలయం మధ్యకి జార్చాలి, అంతే. దారిలో అడ్డం కూడా లేదు. అవతల విల్ఫ్, రాయి ముందు మంచు ఊడ్చే చీపురుని గురి చూపిస్తూ నిలబెట్టాడు.

ఓరెస్ట్ గొంతుక్కూచుని రాయి పిడి పట్టుకున్నాడు. గుండె కొట్టుకోవడం మొదలెట్టింది. అలాంటప్పుడు ఎవరి గుండైనా కొట్టుకుంటుంది. అసలా దడ కోసమే కదా ముప్పై ఏళ్లుగా ఈ ఆటని పట్టుకు వేలాడుతున్నాడు! కానీ ఇప్పుడా దడకీ, గుండెపోటు నాటి దడకీ తేడా ఒంటికి తెలిసి చావట్లేదు. మెడ మీద చల్లటి చెమట పట్టింది. ఎడం చెయ్యి లాగినట్టనిపించింది. అయిపోయింది, మళ్లీ వచ్చేసింది అనుకున్నాడు. నోరు విప్పి చెప్పాడా, స్ట్రెచరూ లేసియా ఏడుపూ తప్పవు, కెప్టెన్సీ గోవిందా. పరువుగా బయటపడే దారి ఒక్కటే కనిపించింది.

లేచి, చేతి తొడుగు లాగేసి, పక్కనే నిలబడ్డ గార్నెట్ ముందు చెయ్యి చాపాడు. ఆ ఆటలో చెయ్యి చాపితే ఓటమి ఒప్పుకున్నట్టే. మళ్లీ వెనక్కి తీసుకోవడం ఉండదు.

గార్నెట్ తెల్లమొహం వేశాడు. "ఏంట్రా ఇది? గెలిచే రాయి వెయ్యవా?"

"పట్టుకోరా చెయ్యి, నీ పుణ్యముంటుంది!"

అవతలి కొసన విల్ఫ్ చీపురు మంచు మీదికి విసిరికొట్టాడు.

తీరా మెట్లెక్కి పైనున్న క్లబ్బు గదిలోకొచ్చేసరికి గుండె బుద్ధిగా, ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటోంది. ఓరెస్ట్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత మోసమా!

అక్కడ గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి తాగడానికి ఇప్పించాలి, ఒకే బల్ల దగ్గర కూచోవాలి. పీక పిసకాలని ఉన్నా సరే, ఆనవాయితీ ఆనవాయితీయే. గార్నెట్ అందరికీ బీరు తెప్పించి, ఓరెస్ట్ ముందు మాత్రం అడక్కుండానే అల్లం సోడా పెట్టించాడు. అద్దం వెనక నుంచి ఆట చూస్తున్న లేసియా పరుగెత్తుకొచ్చింది.

"నొప్పా? ఎడం చెయ్యా? నాలిక కింద మాత్ర పెట్టుకో ముందు!"

"వదిలెయ్ లేసియా. పాపం జాలిపడి నాకు గెలుపు దానం చేశాడు" అని నవ్వాడు గార్నెట్.

ఓరెస్ట్ బల్ల గుద్దాడు. సోడా ఒలికింది.

"నొప్పీ లేదు, దానమూ లేదు! గుండెకేం రోగం లేదు. భయం వేసింది. వినపడిందా? రాయి పట్టుకుంటే చచ్చిపోతాననిపించింది! నాలుగు నెలల్నుంచీ రోజూ చస్తున్నా. గుండె ఎలా ఉందని ఊరంతా అడుగుతారు. నువ్వెలా ఉన్నావురా అని ఒక్క వెధవా అడగడు!"



"మరి నన్నెవడడిగాడు?" అన్నాడు విల్ఫ్.

వాడి గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, ఓరెస్ట్ ముందుకి వంగి వినాల్సొచ్చింది.

"నీ పక్కటెముక నా అరచేతి కింద పటుక్కుమందిరా. ఇంట్లో మా ఆవిడ క్యారెట్ కొరికితే లేచి బయటికి పోతున్నా. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చి నాతో ఏమన్నావో గుర్తుందా? 'నన్ను బతికించమంటే ఎముకలిరగ్గొట్టావేంట్రా మొద్దూ' అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

 ఆ జోకు ఓరెస్ట్ ఊరంతా తిరిగి చెప్పాడు. మంచి జోకనే అనుకున్నాడు.

"ఇందాక నువ్వు కూచున్నప్పుడు నేను రాయిని చూడలేదు, నీ మొహమే చూస్తున్నా. మళ్లీ పడతాడు, మళ్లీ నేనే నొక్కాలి అని. ఇంకోసారి నా వల్ల కాదురా ఓరెస్ట్." విల్ఫ్ బీరు పక్కకి నెట్టేశాడు. "కెప్టెన్సీ ఇస్తామన్నారు, వద్దన్నాను. నువ్వు లేకుండా ఆ మంచు మీదికి దిగలేను. నువ్వుంటేనేమో నిలబడలేకపోతున్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు. కెప్టెన్‌వి కదా, చెప్పు!"

లేసియా చేతిలో మాత్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓరెస్ట్ ఒలికిన సోడాని అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి రాయికీ ఎటు వెయ్యాలో అరిచి చెప్పిన మనిషి.

"తెలీదురా" అన్నాడు చివరికి.